తలలో దాచుకున్న సెట్టింగులు

తెలియక చేసిన తప్పుకు జాలైనా దొరుకుతుంది. నాది ఆ రకం కాదు. ఫలానా పని ఇలా చేయకూడదని చదివి, ఇంటర్వ్యూలో గడగడా ఒప్పజెప్పి, హైదరాబాద్‌లో ఉన్న జూనియర్లకు క్లాసు పీకి, ఆ తర్వాత తీరిగ్గా అదే పని చేసినవాణ్ణి. పైగా చాలాకాలం దాన్ని తెలివి అనుకున్నాను.

డ్రెస్డెన్‌లో ఓ చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. అద్దె భవనాలను చూసుకునే సంస్థల కోసం మేము ఓ వెబ్ అప్లికేషన్ నడుపుతాం. జర్మనీలో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు. యజమాని ఎక్కడో ఉంటాడు. రోజువారీ వ్యవహారమంతా ‘హౌస్‌ఫెర్వాల్టుంగ్’ అనే నిర్వహణ సంస్థ చూస్తుంది. లిఫ్టు ఆగిందనో, మీటరు రీడింగుకు మనిషి వస్తున్నాడనో, సోమవారం నీళ్లు రావనో మెట్ల దగ్గర కాగితం అంటిస్తారు. ఈ దేశానికి కాగితమంటే ఇప్పటికీ మహా ప్రేమ. ఆ కాగితంతో పాటు ఓ మెయిల్ కూడా వెళ్లేలా చేయడమే మా వ్యాపారం.

ఈ అప్లికేషన్ మూడు చోట్ల నడుస్తుంది. మా లాప్‌టాప్‌ల మీద ఒకటి, పరీక్షల కోసం పెట్టిన స్టేజింగ్ మెషీన్ మీద ఒకటి, జనం వాడే ప్రొడక్షన్ ఒకటి. కోడు మూడు చోట్లా అదే. మారేవి సెట్టింగులు. ఏ డేటాబేస్‌కి వెళ్లాలి, దాని పాస్‌వర్డు ఏమిటి, మెయిలు ఏ సర్వరు ద్వారా పంపాలి, ఏదైనా విరిగితే లోపలి వివరాలు తెర మీద చూపాలా, దాచాలా. చూడ్డానికి నాలుగు ముక్కలు. కోడు రాసేవాడు కోడు గురించి గొప్పలు చెప్పుకుంటాడు గానీ సెట్టింగుల గురించి ఎవరు చెప్పుకుంటారు? అవి పెళ్లిపందిట్లో కుర్చీలు లెక్కపెట్టే పనిలాంటివని నా ఉద్దేశం అప్పట్లో.

ఇంటర్వ్యూలో మాత్రం వేరేగా మాట్లాడాను. 2011లో హెరోకు కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆడమ్ విగ్గిన్స్ వెబ్ అప్లికేషన్లకు పన్నెండు సూత్రాలు రాశాడు. ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ అంటారు. అందులో మూడోది సెట్టింగుల గురించే. చోటు మారితే మారేవన్నీ కోడులో ఉండకూడదు, మెషీన్ వాతావరణంలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఉండాలి అంటుంది. దానికో పరీక్ష కూడా పెట్టాడు: నీ కోడునంతా ఈ నిమిషంలో లోకానికి బయటపెడితే ఒక్క పాస్‌వర్డయినా బయటపడుతుందా? పడదంటే నువ్వు పాసు. నేను ఈ పరీక్ష గురించి చెయ్యి తిప్పుతూ చెప్పాను. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడు పెట్టి ఒకదాన్ని మర్చిపోయి, ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్న కథ కూడా చెప్పాను. ఆ కథ చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందుకు వంగి వింటారు. ఉద్యోగం వచ్చింది.

విగ్గిన్స్ సూత్రంలో ఓ కంత ఉందని ఇప్పుడంటాను. సెట్టింగులు మెషీన్ మీద ఉండాలన్నాడు, బాగుంది. మెషీన్ మీద ఏం ఉందో ఇంకో మనిషికి ఎలా తెలుస్తుంది? నా కోడు ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులతో పాసయ్యేది. అందులో ఒక్క పాస్‌వర్డు ఉండేది కాదు. ఎందుకంటే అన్నీ నా తలలో ఉండేవి. సర్వరులోకి లాగిన్ అయి, చేత్తో టైపు చేసి, బయటికి వచ్చేసేవాణ్ణి. మా తెనాలి దగ్గర పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఫ్యూజుల పెట్టె ఉండేది. ఏ ఫ్యూజు ఏ వీధిదో దాని మీద రాసి ఉండేది కాదు. ఒక్క హెల్పరుకే తెలుసు. కరెంటు పోతే జనం ఆయన ఇంటికే పరిగెత్తేవాళ్లు, దారిలో టీ ఇప్పించేవాళ్లు. అట్టముక్క మీద వీధుల పేర్లు రాసి అంటించడం ఐదు నిమిషాల పని. ఆయన ఎందుకు రాయలేదో నాకు డ్రెస్డెన్ వచ్చాక అర్థమైంది.

ఆరు నెలల ప్రొబేషన్. ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చని ఇక్కడి చట్టం. వీసా ఉద్యోగానికి అతుక్కుని ఉంటుంది, ఇల్లు జీతానికి అతుక్కుని ఉంటుంది. భాష అంతంతమాత్రం. మీటింగులో అందరూ నవ్వినప్పుడు ఒక సెకను ఆలస్యంగా నవ్వేవాణ్ణి. అలాంటి మనిషికి, “స్టేజింగ్‌లో మెయిల్ ఎక్కడికి వెళుతోంది?” అని ఎవరైనా వచ్చి అడగడం ఎంత హాయిగా ఉంటుందో ఊహించుకోండి. హైదరాబాద్ నుంచి మా జట్టులోని అమ్మాయి చాట్‌లో అడిగేది: “అన్నా, ఈ విలువలన్నీ ఎక్కడైనా రాసి పెడితే నేనే చూసుకుంటా కదా?” “ఎందుకమ్మా, నన్నడుగు, నేను పెడతాలే” అనేవాణ్ణి. ఆ మాటలో పెద్దరికం ఉందని ఆమె అనుకుని ఉంటుంది. నాకు తెలుసు అందులో ఉన్నది ఏమిటో.

యామల్ ఫైలుతో మొదటి దెబ్బ తగిలింది. సెట్టింగులు రాసుకోవడానికి చాలామంది వాడే పద్ధతి అది. కొటేషన్లు అక్కర్లేదు, బ్రాకెట్లు అక్కర్లేదు, మామూలు మాటల్లా రాసుకోవచ్చని దానికి పేరు. క్లయింట్ల ఆఫీసుల పిన్‌కోడ్లు అందులో పెట్టాను. డ్రెస్డెన్ ఆఫీసుది 01067, లైప్‌జిగ్‌ది 04109. కొన్నాళ్లకు డ్రెస్డెన్ ఆఫీసు ఉత్తరాల మీద పిన్‌కోడు 567 అని పడుతోందని ఫిర్యాదు. నేను ఫైలు చూశాను. 01067 అని శుభ్రంగా ఉంది. లైప్‌జిగ్ ఉత్తరాలు చూశాను. 04109 అనే పడుతోంది. ఇంకేం, ఫైలు నిర్దోషి, తప్పు క్లయింటు పంపిన డేటాలో ఉందని తీర్పు చెప్పేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మా సహోద్యోగి ఒకాయన, తల నెరిసిన తూర్పు జర్మనీ మనిషి, “రెండూ ఒకే ఫైలు కదా, ఒకటి బాగుంది కాబట్టి రెండోది బాగుందని ఎలా అంటావు?” అని నెమ్మదిగా అడిగాడు. లైప్‌జిగ్ బాగుంది కదండీ అని మళ్లీ అదే అన్నాను.

అసలు సంగతి ఏమిటంటే, యామల్ పాత ప్రమాణం 1.1లో సున్నాతో మొదలయ్యే సంఖ్యను అష్టాంశ సంఖ్యగా చదువుతారు, అంటే పదికి బదులు ఎనిమిదితో లెక్క. 01067లో ఉన్నవన్నీ ఎనిమిది లోపు అంకెలే కాబట్టి అది చక్కగా అష్టాంశ సంఖ్య అయి కూర్చుంది. లెక్క వేస్తే 567. లైప్‌జిగ్ కోడులో తొమ్మిది ఉంది, అష్టాంశంలో తొమ్మిది ఉండదు. అందుకని యామల్ దాన్ని సంఖ్యగా చదవలేక అక్షరాలుగా వదిలేసింది. అంటే లైప్‌జిగ్ బాగుండటం ఫైలు బాగుందనడానికి సాక్ష్యం కాదు, ఒక తొమ్మిది చలవ. 2009లో వచ్చిన 1.2 ప్రమాణం ఈ పద్ధతి మార్చింది గానీ, పైథాన్‌లో మేము వాడే లైబ్రరీ ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉంది. నార్వే దేశానికి రెండక్షరాల కోడు ‘నో’ కాబట్టి దాన్ని ‘కాదు’ అని చదివేసే జబ్బు కూడా ఆ పాత ప్రమాణానిదే. నార్వేవాళ్ల కష్టం చదివి నవ్వుకున్నాను గానీ, అదే జబ్బు నా ఊరి పిన్‌కోడుకు పట్టిందని తట్టలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఇక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ‘నాఖ్‌ట్రూహె’, నిశ్శబ్ద సమయం. ఆ వేళల్లో మా అప్లికేషన్ ఫోన్లకు ఏ సందేశమూ పంపకూడదు. 22:00 అని ఒక వరస, 06:00 అని ఒక వరస రాశాను. అదే ప్రమాణం 22:00ని అరవైల లెక్కలో ఉన్న సంఖ్యగా చదివి 1320 చేసింది. 06:00 సున్నాతో మొదలైంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. మొదలు సంఖ్య, చివర అక్షరాలు. ఈ రెంటినీ పోల్చబోయిన నా కోడు తప్పు విసిరింది. ఆ తప్పును పైన నేనే రాసిన ఇంకో వరస మింగేసి ‘నిశ్శబ్ద సమయం కాదు’ అని జవాబిచ్చింది. అర్ధరాత్రి దాటాక లిఫ్టు మరమ్మతు సందేశాలు టింగుమంటూ వెళ్లాయి. జర్మనీలో రాత్రిపూట వాషింగ్ మెషీన్ వేస్తేనే పక్కింటివాళ్లు ఉత్తరం రాస్తారు. మందు ఏమిటంటే ఆ విలువలకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టడం. అంతే. పెట్టాను. ఎందుకు పెట్టానో మాత్రం ఎక్కడా రాయలేదు, అడిగితే చెబుదామని.

ఇవన్నీ నవ్వుకునే తప్పులే. ఇకపై చెప్పేది కాదు.

2024 డిసెంబరు చివర హాంబుర్గ్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్ల సభ, 38వది, జరిగింది. అందులో ఫోక్స్‌వాగెన్ కార్ల డేటా గురించిన ప్రసంగం అప్పుడు దేశమంతా మాట్లాడుకున్న విషయం. ‘డెర్ ష్పీగెల్’ పత్రిక కూడా అదే రోజుల్లో బయటపెట్టింది. ఆ గ్రూపు సాఫ్ట్‌వేర్ కంపెనీ కారియాడ్ దగ్గర, దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం అమెజాన్ క్లౌడ్‌లో దాదాపు బార్లా తలుపులతో ఉంది. అందులో నాలుగున్నర లక్షలకు పైగా కార్లు ఎక్కడ ఆగాయో కచ్చితంగా చెప్పగల వివరాలు. ఫోక్స్‌వాగెన్, సేయాట్ కార్లకైతే పది సెంటీమీటర్ల తేడాతో. కారు ఏ ఇంటి ముందు, ఏ ఆస్పత్రి ముందు, ఏ ఆఫీసు వెనకాల ఆగిందో తెలిసిపోతుంది. దీనికి కారణం మహా మాయోపాయమేమీ కాదు. జావాలో స్ప్రింగ్ అనే చట్రం ఉంది. దాన్ని నడిపేవాళ్ల సౌకర్యం కోసం అందులో ‘యాక్చుయేటర్’ అనే కిటికీ పెట్టారు. అది తెరిచి ఉంటే, ఆ క్షణంలో అప్లికేషన్ జ్ఞాపకంలో ఉన్నదంతా ఒక ఫైలుగా దింపుకోవచ్చు. లాప్‌టాప్ మీద తప్పులు వెతుక్కునేటప్పుడు అది వరం. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న చోట అలా వదిలేస్తే, జ్ఞాపకంలో ఉన్న క్లౌడ్ తాళాలు కూడా ఆ ఫైల్లో ఉంటాయి. కంపెనీ కూడా దాన్ని తప్పుగా పెట్టిన సెట్టింగు అనే చెప్పింది.

ఆ ప్రసంగం రికార్డింగు మర్నాడు ఇంట్లో చూశాను. చలి, సెలవులు, ఊరంతా మూసి ఉంది. బాగా నవ్వుకున్నానని ఒప్పుకోవాలి. అన్ని వేలమంది ఇంజనీర్లు ఉండి ఇదా చేసేదని. తర్వాత అలవాటుగా ఓ పని చేశాను. మా ప్రొడక్షన్ సైటులో లేని ఒక చిరునామా కొట్టాను. ‘పేజీ దొరకలేదు’ అనే మర్యాదైన పేజీ రావాలి. దానికి బదులు లేత పసుపు పట్టీతో, మా అప్లికేషన్‌లో ఉన్న దారులన్నిటినీ వరసపెట్టి చూపిస్తూ ఓ పేజీ వచ్చింది. కింద, ‘డీబగ్ ఆన్‌లో ఉంది కాబట్టి మీకు ఇది కనిపిస్తోంది’ అనే అర్థంతో ఓ వాక్యం. పైథాన్‌లో జాంగో అనే చట్రం వాడినవాళ్లందరికీ ఆ పసుపు తెలుసు. లాప్‌టాప్ మీద తప్ప ఇంకెక్కడా కనిపించకూడని రంగు అది.

లోపలి వివరాలు చూపాలా దాచాలా అని చెప్పే ఆ డీబగ్ విలువ మెషీన్ మీద ‘ఫాల్స్’, అంటే అబద్ధం, అనే ఉంది. నేనే పెట్టాను. కానీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఏదైనా సరే అక్షరాల రూపంలోనే వస్తుంది. నా కోడు ఆ అక్షరాలను తీసుకుని ‘ఇది నిజమా?’ అని పైథాన్‌ను అడిగింది. ఖాళీగా లేని ఏ అక్షరాల వరసైనా పైథాన్‌కు నిజమే. ‘ఫాల్స్’ అని రాసి ఉన్నా నిజమే. పైథాన్ మొదటి నెలలో చెప్పే పాఠం ఇది. నేనే ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఆ సంగతి అలా ఉంచితే, జాంగో తప్పుల పేజీ రహస్యాలను దాచడానికి ఓ పద్ధతి పాటిస్తుంది: సెట్టింగు పేరులో పాస్, కీ, సీక్రెట్, టోకెన్ లాంటి ముక్క ఉంటే విలువ బదులు చుక్కలు చూపిస్తుంది. మా డేటాబేస్ పాస్‌వర్డు ‘డేటాబేస్ యూఆర్ఎల్’ అనే పేరు కింద, చిరునామా మధ్యలో కూర్చుని ఉంది. ఆ పేరులో దాచాల్సిన ముక్క ఏదీ లేదు. అంటే అప్లికేషన్ ఎప్పుడైనా గట్టిగా విరిగి ఉంటే, ఆ క్షణాన ఎదురుగా ఉన్నవాడికి పాస్‌వర్డు చదువుకునే అవకాశం ఉండేది.

ఆ సాయంత్రం నేను చేయాల్సింది ఒక్కటే. టీమ్ లీడ్‌కు ఫోన్ చేయడం. సెలవులైనా అలాంటి విషయానికి ఫోన్ ఎత్తుతారు. నేను చేసింది ఏమిటంటే, సర్వరులోకి వెళ్లి ‘ఫాల్స్’ అనే మాట చెరిపేసి ఖాళీ వదిలాను. ఖాళీ అంటే పైథాన్‌కు అబద్ధం. పసుపు పోయింది. స్టేజింగ్‌లో కూడా అలాగే చేశాను. డేటాబేస్ పాస్‌వర్డు మార్చాను. సర్వరు లాగులు (రాకపోకల చిట్టాలు) తిరగేసి, అనుమానాస్పదంగా ఎవరూ రాలేదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. కోడులో ఆ వరస సరిచేయలేదు. సరిచేస్తే రివ్యూకు వెళుతుంది, ఎవరో ఒకరు ‘ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకూడదనే మెషీన్ మీద చేత్తో మార్చాను. ఇందులో తెలియనితనం ఎంతుందో మీరే చెప్పండి.

2025 మేలో తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లి. సెలవు పెట్టాను. వెళ్లే ముందు అందరికీ, “ఏదైనా ఉంటే మొహమాటపడకుండా ఫోన్ చేయండి” అని చెప్పాను. రోమింగ్ వేయించుకున్నాను. పందిట్లో ఫోన్ మోగితే పక్కకు వెళ్లి ఇంగ్లీషులో, మధ్యలో నాలుగు జర్మన్ ముక్కలతో మాట్లాడి వస్తే బంధువుల ముందు ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. ఫోన్ మోగలేదు. నేను లేకపోయినా అంతా సవ్యంగా నడుస్తోందంటే అది నేను అమర్చిన తీరు అనుకున్నాను. మనిషి మనసు ఏ వైపు నుంచైనా తనకే దండ వేసుకోగలదు.

ఆ వారంలో జరిగింది ఇది. స్టేజింగ్ మెషీన్ మీద ఉబుంటు 20.04 ఉండేది. దానికి మామూలు సపోర్టు ఆ మే నెలతో ముగిసింది. మార్చే పని హైదరాబాద్ అమ్మాయిది. ఆమె కొత్త మెషీన్ పెట్టింది, కోడుతో పాటు ఉన్న నమూనా ఫైలు ప్రకారం సెట్టింగులు నింపింది, పాతదాన్ని తుడిచేసింది. పద్ధతి ప్రకారం ఒక్క మెట్టు తప్పలేదు. మెయిల్ సర్వరు సెట్టింగు నమూనా ఫైల్లో లేదు. పాత మెషీన్ మీద నేను చేత్తో పెట్టాను, స్టేజింగ్ నుంచి వెళ్లే మెయిళ్లన్నీ ఒక పెట్టెలో పడి బయటికి పోకుండా. అది లేకపోతే కోడు ఏం చేస్తుంది? ‘విలువ దొరక్కపోతే ఇది వాడు’ అని ఒక డిఫాల్టు రాసి ఉంది. ఆ డిఫాల్టు మా ప్రొడక్షన్ మెయిల్ సర్వరు. మొదట్లో ఒకే మెషీన్ ఉన్నప్పుడు నేనే రాసిన వరస. మా నెట్‌వర్కు లోపలి మెషీన్ల నుంచి వచ్చే మెయిలుకు ఆ సర్వరు పాస్‌వర్డు కూడా అడగదు. ఇక స్టేజింగ్ డేటాబేస్‌లో ఉన్నది ప్రొడక్షన్ నుంచి దింపిన నకలు, అసలు మనుషుల అసలు చిరునామాలతో. ‘పరీక్షలు వాస్తవికంగా ఉండాలి’ అని వాదించి దాన్ని దింపింది కూడా నేనే.

ఆమె రోజూ చేసే పరీక్షే చేసింది. ఒక భవన సముదాయానికి నోటీసు పంపడం. నమూనాగా ఎప్పుడో వెళ్లిన అసలు నోటీసే ఉంది: సోమవారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నీళ్లు నిలిపివేత. తేదీలు మాత్రం అప్లికేషన్ తనంతట తానే వచ్చే సోమవారానికి మార్చుకుంటుంది, అది మా అప్లికేషన్ గొప్పతనాల్లో ఒకటి. ‘ఇది పరీక్ష’ అన్న మాట ఎక్కడా లేదు. వందల మందికి వెళ్లింది. క్లయింటు ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. డయాలిసిస్ ఇంట్లోనే చేసుకునే ఒకాయన ఏం చేయాలని అడిగాడట. ఓ పెద్దావిడ స్నానాల తొట్టె, గిన్నెలు, పూలకుండీలకు పోసే డబ్బాలు అన్నీ నింపుకుని, తప్పు జరిగిందని తెలిశాక, ఇంత నీళ్లు పారబోయడం పాపం కదా అని ఫోన్‌లో గొడవ పడిందట. తెనాలిలో మునిసిపల్ కొళాయి వచ్చే వేళ చూసి బిందెలు పట్టుకుంటూ పెరిగినవాణ్ణి. ఆవిడ వైపే ఉంటాను.

క్షమాపణ మెయిలు అదే మధ్యాహ్నం వెళ్లింది. కానీ పరీక్షల మెషీన్ మీద అసలు మనుషుల డేటా ఎందుకుందన్న ప్రశ్న మెయిలుతో పోలేదు. యూరప్ డేటా రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. వ్యక్తిగత డేటాకు భంగం కలిగితే మాలాంటివాళ్లు ఆలస్యం లేకుండా క్లయింటుకు చెప్పాలి, క్లయింటు అవసరమైతే 72 గంటల్లో అధికారులకు చెప్పాలి. ఆ 72 గంటలూ నేను గోంగూర, గుత్తివంకాయ మధ్య ఉన్నాను.

తిరిగొచ్చాక నా మొదటి ప్రశ్న, “నాకెందుకు ఫోన్ చేయలేదు?” టీమ్ లీడ్ వింతగా చూశాడు. “నువ్వు సెలవులో ఉన్నావు కదా.” ఈ దేశంలో సెలవు అంటే సెలవే. కారణం గంటలోపే దొరికిందట. ఆ అమ్మాయి కోడు చదివి డిఫాల్టు వరస పట్టుకుంది. నా తలలో తప్ప ఎక్కడా లేదని నేను మురిసిపోయిన విషయాన్ని, నా తల అవసరం లేకుండానే కనుక్కున్నారు. జరిగిన నష్టం కన్నా ఆ క్షణాన నాకు అదే ఎక్కువ గుచ్చుకుందని చెప్పడానికి ఇప్పుడు కూడా ఇబ్బందిగానే ఉంది.

మీటింగులో లీడ్ బోర్డు మీద గంటల వారీగా జరిగింది రాశాడు. “మెయిల్ సెట్టింగు ఎక్కడ రాసి ఉంది?” “పాత మెషీన్ మీద.” “అది తుడిచేశాం. ఇంకెక్కడ?” నేను కాఫీ కప్పు తిప్పుతూ ఉన్నాను. అప్పుడు హైదరాబాద్ నుంచి ఆ అమ్మాయి గొంతు. అందరి కోసం ఇంగ్లీషులోనే అడిగింది, కానీ చివర ‘అన్నా’ అని జారింది. కొత్త స్టేజింగ్‌లో డీబగ్ ‘ఫాల్స్’ అని ఉన్నా పసుపు పేజీ వస్తోంది. ప్రొడక్షన్‌లో ఎందుకు రావడం లేదని చూస్తే అక్కడ ఆ విలువ ఖాళీగా ఉంది. ఫైలు చివరిసారి మారింది డిసెంబరు 28 సాయంత్రం. అది ఎవరు మార్చారు?

ఎవరూ నా వైపు చూడకముందే నేను భుజాలు తడుముకున్నాను. చెప్పాను. డిసెంబరు సంగతంతా చెప్పాను. నెరిసిన తల ఆయన ఒక్కటే అడిగాడు: “అప్పుడు లాగులు చూశావు కదా, దాచి పెట్టావా?” పెట్టలేదు. సర్వరు లాగులు 30 రోజులకు తుడిచేయాలని మా నియమం, డేటా రక్షణ కోసమే పెట్టుకున్నది. ఆ డిసెంబరు సాయంత్రం లీడ్‌కు ఫోన్ చేసి ఉంటే లాగులు భద్రపరిచేవాళ్లు, ఎవరూ లోపలికి రాలేదని కాగితం మీద చూపగలిగేవాళ్లు. మే నెలలో చూపడానికి నా నోటిమాట తప్ప ఏమీ మిగల్లేదు. డేటా రక్షణ అధికారిణి ఆ నోటిమాటను రాసుకుని, నా ఎదుటే దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. మెయిళ్ల గొడవను జనం మర్చిపోతారు. 2021 జూన్‌లో హెచ్‌బీఓ మ్యాక్స్ కూడా తన చందాదారులకు పరీక్ష మెయిలు పంపి నవ్వులపాలైందని సహోద్యోగులు నన్ను ఓదార్చారు కూడా. ఆ ప్రశ్నార్థకానికి మాత్రం ఓదార్పు లేదు.

చివరికి వచ్చిన నివేదికలో నా పేరు లేదు. ‘సెట్టింగు పాత మెషీన్ మీద మాత్రమే ఉండటం వల్ల’ అని రాశారు. ఇక్కడ అలాగే రాస్తారు, మనిషిని కాదు జరిగిన తీరును పట్టుకోవాలని. ఉపశమనం కలగాలి కదా. నాకు చిన్నచూపు చూసినట్టు అనిపించింది. తప్పులో కూడా నా పేరు ఉండాలనుకున్నానంటే రోగం ఎంత ముదిరిందో చూడండి.

ఆ తర్వాత చేసినవి పెద్ద విద్యలేం కావు. ఏ సెట్టింగు ఏ రకం విలువో, నిజమా అబద్ధమా, సంఖ్యా, అక్షరాలా, ఒకే ఫైల్లో ప్రకటించాం. ఒకటి లేకపోయినా, రకం కుదరకపోయినా అప్లికేషన్ లేవదు. డిఫాల్టులు తీసేశాం. లేవని అప్లికేషన్ ఎవరికీ మెయిలు పంపదు. పాస్‌వర్డులు గుప్తలిపిలో, మిగతావి బాహాటంగా, రెండూ కోడుతో పాటే, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో చరిత్రతో సహా. స్టేజింగ్‌లో ఇప్పుడున్న అద్దెదారులంతా కల్పితం, వాళ్ల మెయిళ్లన్నీ ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’తో ముగుస్తాయి. ఆ పేరు 1999 నుంచి ఇలాంటి పనులకే కేటాయించి ఉంది, నాకూ తెలుసు. యామల్ ఫైల్లో 01067 పక్కన ‘కొటేషన్ తీయవద్దు, డ్రెస్డెన్ 567 అవుతుంది’ అని వ్యాఖ్య ఉంది. ఇదంతా రాసింది ఆ అమ్మాయి. పాస్‌వర్డులు దాచే ఖరీదైన వాల్టు సాఫ్ట్‌వేర్ కొందామని సూచించింది నేను. ఎవరూ పట్టించుకోలేదు, మంచిదే అయింది.

ఇప్పుడు నన్ను ఎవరూ వచ్చి ఏమీ అడగరు.

ఇంకొకటి మిగిలింది. ఈ వేసవిలో, అంటే ఇంత జరిగాక, అద్దె బకాయిల ‘మానుంగ్’ ఉత్తరాలు, అంటే జరిమానాతో కూడిన హెచ్చరికలు, రాత్రి రెండున్నరకు వెళ్లేలా నేను ఓ షెడ్యూలరు రాశాను. ప్రొడక్షన్ మెషీన్ గడియారం బెర్లిన్ కాలంలో ఉంది. స్టేజింగ్ మెషీన్‌ది యూటీసీ, అంటే వేసవికీ చలికాలానికీ మారని ప్రపంచ ప్రమాణ కాలం. ఇది మెషీన్ సంగతి కాబట్టి మా కొత్త ఫైల్లోకి రాలేదు. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు గడియారాన్ని రెండుకు తిప్పుతారు. బెర్లిన్‌లో ఆ రాత్రి రెండున్నర రెండుసార్లు వస్తుంది, యూటీసీలో రాదు కాబట్టి స్టేజింగ్‌లో ఎంత పరీక్షించినా పట్టుబడదు. ప్రొడక్షన్‌లో ఒక్కొక్కరికి రెండేసి జరిమానాలు వెళతాయి. నాకు తట్టి వారం దాటింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటున్నాను. ఆ అమ్మాయి తెలుగు పత్రికలు చదువుతుంది. అమ్మాయీ, ఇది చదివేసరికి నేను ఇంకా చెప్పకపోయి ఉంటే, టికెట్టు నువ్వే తెరువమ్మా. నా పేరు మీదే వెయ్యి.